గుండీలన్న గురించి నేను చెప్పిన రెండు ముక్కలు

ఆ రోజుల్లో పాటగాడంటే పాడేవాడు. ఇప్పుడో? మొన్న మా మనవడు ఫోన్‌లో ఒకణ్ణి చూపించి "సింగర్ తాతా" అన్నాడు. వాడు నోరు తెరవకముందే పొగ వచ్చింది, మంటలు వచ్చాయి, పాట మాత్రం చివరిదాకా రాలేదు. నాకు ఒళ్లు మండింది. గుండీలన్నను విన్న చెవులు మరి ఇవి.

గుండీలన్న చిత్తూరు బజారులో దర్జీ, వాళ్ల నాయనా దర్జీయే. జాకెట్లు కుట్టుకుంటూనే సొంతంగా పాటలు కట్టి పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాతో పాడేవాడు. తన కోటుకు తనే వంద రకాల గుండీలు కుట్టుకుని స్టేజీ మీద అటూ ఇటూ తిరుగుతుంటే జనం అన్నం కలపడం మరిచిపోయేవాళ్లు. ఆ ట్రూపులో అనౌన్సర్ని నేను. తొమ్మిదో తరగతి తప్పి, కోపం కొద్దీ లైబ్రరీలో బీరువాలన్నీ చదివేశానని నన్ను 'డిక్షనరీ' అనేవారు. (పొగడ్తే అనుకునేవాణ్ణి.)

ఒకరోజు చంద్రగిరిలో పెళ్లి, మధ్యాహ్నం భోజనాల దగ్గర మా కచేరీ. పెళ్లికూతురి మేనమామకు మద్రాసులో క్యాసెట్ల కంపెనీ ఉందనీ, తిన్న వెంటనే రేణిగుంటలో రైలెక్కుతాడనీ తెలిసింది. గుండీలన్న ఆయన కోసమే కొత్త పాట కట్టుకుని వచ్చాడు. నేను మైకు దగ్గరికి వెళ్లబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"రేయ్ డిక్షనరీ, ఆయప్ప పాయసం తాగేలోపల నేను పాడాల. రెండు ముక్కలు సెప్పి దిగిపో, సామీ!"

నేను పదకొండు పేజీలు రాసుకుని ఉన్నాను. సామవేదంతో మొదలుపెట్టాను. మూడో పేజీకి పందిట్లో చప్పట్లు. పొంగిపోయి గొంతు పెంచాను. ఐదో పేజీకి ఇంకా గట్టిగా చప్పట్లు, ఈలలు కూడా. (ఆపమని కొడుతున్నారని ఒక్కడైనా చెప్పొచ్చు కదా!) మొగలాయి దర్బారు దాకా వచ్చి తలెత్తి చూస్తే, మేనమామ ఆకు మడిచి, చెయ్యి కడుక్కుని, తాంబూలం సంచితో కారెక్కుతున్నాడు.

తంతాడనుకున్నాను. గుండీలన్న నా చేతిలో కాగితాలు లాక్కుని, మడిచి, నా జేబులోనే కుక్కాడు.

"ఆ బండి ఎన్నింటికిరా?"

"మూడున్నరకు, అన్నా."

"స్కూటర్ యాడుండాది?"

మండే ఎండలో ఆ బరువు కోటుతోనే ఆయన స్కూటర్ నడిపాడు, వెనక నేను. "నోరు తెరిస్తే సువర్ణముఖిలో తోసేస్తా" అన్నది తప్ప దారిలో మరో మాట లేదు. (నదిలో నీళ్లు లేవని చెప్పబోయి ఊరుకున్నాను.) రేణిగుంటలో బండి ఇంకా ఆగే ఉంది. మేనమామ ఒక కిటికీ పక్కన దొరికాడు. ఎదురుగా తళతళలాడుతున్న మనిషిని చూసి బిత్తరపోయి, "ఎవరప్పా నువ్వు?" అన్నాడు. గుండీలన్న నావైపు తిరిగి రెండు వేళ్లు చూపించాడు.

"ఈయన పాడతాడు సార్. వినండి," అన్నాను.

పాడాడు. టీ అమ్మేవాడు అరవడం మానేశాడు, కూలీలు పెట్టెలు దించి వాటిమీదే కూర్చున్నారు. బండి కదిలినా ఆయన పాట ఆపలేదు. కిటికీ పక్కనే నడిచాడు, తర్వాత పరిగెత్తాడు, కోటు నుంచి గుండీలు రాలుతుంటే నేను ఏరుకుంటూ వెనకాల. ప్లాట్‌ఫారం అయిపోయే చోట కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. "సోమవారం మద్రాసుకు రాప్పా!"

తర్వాతి కథ శ్రీకాళహస్తి నుంచి పలమనేరు దాకా ప్రతి బస్సు డ్రైవరుకూ తెలుసు. టేపు అరిగి ఊడిపోయేదాకా ఆయన క్యాసెట్లే వేశారు. దేశదేశాలు తిరిగి పాడాడు. ఎంత పేరొచ్చినా కోటుకు గుండీలు మాత్రం తనే కుట్టుకున్నాడు.

ఈమధ్య తిరుపతిలో ఆయనకు సన్మానం చేశారు. యాంకర్ కుర్రవాడు "సార్ కెరీర్ చెన్నైలో స్టార్ట్ అయింది" అంటూ అరగంట వాయించాడు. నాకు రక్తం ఉడికిపోయింది. చెన్నై ఏమిటి, రేణిగుంట కదా! అంతలో గుండీలన్న నన్ను పైకి పిలిపించాడు. నా జేబులో పధ్నాలుగు పేజీలున్నాయి. మైకు అందుకుని చూస్తే, గుండీలన్న కుర్చీలోంచి రెండు వేళ్లు లేచి ఉన్నాయి.

"ఈయన పాడతాడు. వినండి," అన్నాను.

కూర్చునే పాడాడు. గొంతు సన్నబడింది, పల్లవి ఒక్కటే పాడగలిగాడు. హాల్లో ఒక్కరూ ఫోన్ తీయలేదు.

ఇంటికొచ్చి ఆ పధ్నాలుగు పేజీలూ మా ఆవిడకు చదవడం మొదలుపెట్టాను. మూడో పేజీకి ఆమె చప్పట్లు కొట్టింది. చంద్రగిరి నాటి వయసులో అయితే గొంతు పెంచేవాణ్ణి. కళ్లజోడు తీసి, అన్నానికి లేచాను.