గొలుసు వేసిన గదిలో నామం

దయ్యాలున్నాయనే పక్షాన వాదించమని కళాశాల డిబేట్‌లో ఒకసారి నాకు చీటీ వచ్చింది. నమ్మని మాటను నోటితో నిలబెట్టలేనని చెప్పి ఆ రౌండు వదులుకున్నాను. మా జట్టు ఓడిపోయింది. ఆ నిర్ణయానికి నేను ఈనాటికీ చింతించడం లేదు. కింద రాసినదాన్ని చదివేవారు నా స్వభావం ఎటువంటిదో ముందుగా తెలుసుకోవాలని ఈ సంగతి చెబుతున్నాను.

మాది జంషెడ్‌పూర్‌లోని కద్మా. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. వచ్చిన కొత్తలోనే మావాళ్లను పోగుచేసి ఏకాహం మొదలుపెట్టాడు. ఒక పగలూ ఒక రాత్రీ రామనామం ఆగకుండా సాగాలి. గంటకొక జట్టు మారుతుంది. జట్టులో కనీసం ఇద్దరుంటారు. నామంలో మొదటి సగం ఒకరు పాడితే రెండో సగం మరొకరు అందుకుంటారు. దిగే జట్టు నోరు మూయకముందే ఎక్కే జట్టు గొంతు కలపాలి. ఒక్క వరస ఖాళీగా పోయినా ఏకాహం తెగినట్టే. తాత చేతిమీద అది ఏనాడూ తెగలేదు. వానకు పందిరి కూలిన ఏడు తడుస్తూనే పాడారట.

మా ఏకాహం వీడియో ఒకటి ఎవరి కంటనో పడి, రాజస్థాన్‌లోని ఒక పాత కోటలో జరిగే ఆధ్యాత్మిక సంగీతోత్సవానికి మా భజన బృందాన్ని పిలిచారు. దేశదేశాల నుంచి భక్తి సంగీతం పాడేవాళ్లు వస్తారు. మా వంతు పగటి ఏకాహం మాత్రమే, సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా నామం. తాతకు ఎనభై దగ్గరపడుతున్నాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఇదే తన ఆఖరి ఏకాహమనీ, ఇది నిండుగా ముగిస్తే పెద్దరికం వేరొకరికి అప్పగిస్తాననీ అందరి ముందూ చెప్పాడు. ఒక మనిషి జీవితకాలపు మాట ఆ ఒక్క పగటి మీద నిలబడి ఉందని నాకు తెలుసు.

నిర్వాహకులతో హిందీలోనూ ఇంగ్లీషులోనూ మాట్లాడడానికి నన్ను వెంట తీసుకెళ్లారు. పాడడానికి కాదు. కాని అక్కడి ఎండకు ఇద్దరు ఆడవాళ్లు మంచాన పడ్డారు. మధ్యాహ్నం జట్టులో ఒకరు తగ్గారు. చిన్నప్పటి నుంచి వింటున్నదే కనుక నామం నాకు వచ్చు. తాత మనవరాలినైన నా దగ్గరికి వచ్చాడు.

"నీకు నమ్మకం నేకపోతే నేకపోనీ గుంటా. నామం తెగకుండా సూసుకో, సాలు."

"విశ్వాస్ నహీ హై తాతా. పర్ జుబాన్ దీ హై తో నిభావూంగీ," అన్నాను. నమ్మకం లేకపోయినా ఇచ్చిన మాట నిలుపుకుంటానని. మా ఇంట్లో తాత తెలుగులో అడుగుతాడు, మేం హిందీలో బదులిస్తాం.

నాకు జోడీ సింహాచలం బాబాయి. ఆదిత్యపూర్‌లో వెల్డింగ్ పని చేస్తాడు, గట్టి గొంతు. భజన తాళాలు నా చేతికిస్తూ, "డిబేటమ్మా, రాముడికి టైమైపోయిందని బెల్లు కొట్టీకు," అన్నాడు.

గది గురించి చెప్పాలి. విశాలమైన మండపం ఇస్తామని నిర్వాహకులు అన్నా, గాలికి అఖండదీపం కొండెక్కుతుందని తాత వద్దన్నాడు. ఏరి ఏరి, లోపలి ప్రాంగణంలో కిటికీ లేని ఒక రాతి గదిని తీసుకున్నాడు. ఒకే తలుపు. మందమైన చెక్క, బయట ఇనుప గొలుసు. లోపల గడియ లేదు. గోడల మీద పాత రంగుల బొమ్మలు. శ్రోతలు వచ్చి కాసేపు గుమ్మం దగ్గర కూర్చుని వెళుతుండేవారు.

మేం ఎక్కిన పావుగంటకు బాబాయి ముక్కు నుంచి రక్తం కారడం మొదలైంది. ఎండదెబ్బ. రెండు నిమిషాల్లో వస్తానని వేళ్లు చూపించి, ముక్కు పట్టుకుని బయటికి నడిచాడు. నేను రెండు సగాలూ పాడుతూ కూర్చున్నాను. రెండు నిమిషాలే కదా అనుకున్నాను. భోజనాల వేళ కావడంతో శ్రోతలెవరూ లేరు.

అప్పుడే ఇసుకగాలి లేచింది. ముందు వెలుతురు పసుపుగా మారింది. ఆ తర్వాత హోరు. ఎవరో పరుగున వచ్చి తలుపు లాగి గొలుసు వేశారు. గోడ బొమ్మల మీద ఇసుక పడకుండా, గాలి లేస్తే తలుపులన్నీ మూసేయడం అక్కడి కాపలాదారుల పని. గోడవారన కూర్చున్న నేను గుమ్మంలోంచి కనబడను. లోపల స్పీకర్ మోగుతోందని ఆ కాపలాదారు అనుకున్నాడని తర్వాత తెలిసింది.

నా పరిస్థితి ఏమిటో నాకు పూర్తిగా అర్థం కావడానికి రెండు వరసలు పట్టింది. తలుపు తీయమని అరవాలంటే నామం ఆపాలి. నామం ఆపకూడదంటే అరవకూడదు. పాడుతూనే లేచి వెళ్లి తలుపును కాలితో తన్నాను. మందమైన చెక్క, బయట గాలి హోరు. నాకే సరిగ్గా వినిపించలేదు. ఫోను గుమ్మం బయట, చెప్పుల దగ్గర సంచిలో ఉంది. నీళ్ల సీసా కూడా అందులోనే.

తర్కించాను. ఇది ఒక నియమం మాత్రమే. ఆపితే ఆకాశం విరిగిపడదు. ఆపానని ఎవరికీ తెలియదు కూడా. చిత్రమేమిటంటే ఆ చివరి మాటే నన్ను ఆపనివ్వలేదు. ఎవరికీ తెలియదు కనుక మాట తప్పవచ్చుననే వాదాన్ని నేను ఎన్ని వేదికల మీద ఖండించానో! గొలుసు తలుపుకి మాత్రమే పడలేదనిపించింది.

గంట దాటింది. నా చేతి గడియారం చూస్తూనే ఉన్నాను. తర్వాతి జట్టు రాలేదు. తలుపు సందుల్లోంచి సన్నని ఇసుక లోపలికి వస్తోంది. గొంతు గరుకుదేలి, మాట గాలిగా మారింది. గోడలు దగ్గరికి వచ్చినట్టు, ఉన్న గాలినే మళ్లీ మళ్లీ పీలుస్తున్నట్టు ఉంది. భయంతో వరస వేగం పెరిగిపోయింది. మొదటి సగం పాడాను. రెండో సగానికి నోరు తెరిచేసరికి దగ్గు తెర వచ్చింది.

రెండో సగం వినిపించింది.

నా వెనక నుంచి, ఎడమ పక్కగా. మగ గొంతు. ముసలిది కాదు. నాకన్నా నిదానంగా, పరుగెత్తేవాడి భుజం పట్టి నడిపించినట్టు వరసను వెనక్కి లాగింది. మా వాళ్లు చివరి అక్షరాన్ని కొద్దిగా సాగదీసి కిందికి దించుతారు. అలాగే దించింది.

తిరిగి చూశాను. దీపం ఉంది. గోడ ఉంది. అంతే.

ప్రతిధ్వని కావచ్చునని మొదట అనుకున్నాను. అందుకే దగ్గు తగ్గాక కూడా నేను పాడలేదు. ఇది స్పష్టంగా ఒప్పుకోవాలి. పరీక్షించడానికి, తెలిసి, నోరు మూసుకున్నాను. తాళాలు ఒళ్లో పెట్టుకున్నాను. నా శబ్దం లేనిదే ప్రతిధ్వని ఉండదు.

గొంతు మొదటి సగం కూడా పాడింది. తర్వాత రెండో సగం. వరసలు లెక్కపెట్టాను. ఏడు. ఆ ఏడు వరసలూ నేను పాడలేదు. ఎనిమిదోదాంట్లో మొదటి సగం పాడి ఆగింది. ఎదుటివారి కోసం ఆగినట్టు ఆగింది. తాళాలు తీసుకుని రెండో సగం అందుకున్నాను. ఆ తర్వాత అది వినిపించలేదు.

కాసేపటికి గొలుసు తీశారు. కాపలాదారు, వెనక బాబాయి, అతని భుజం పట్టుకుని తాత. అందరూ భోజనాల గుడారంలో చిక్కుకుపోయారట. గాలికి గుడారం ఒరిగిపోతుంటే ఎవరినీ కదలనివ్వలేదట. బాబాయి గడప దాటుతూనే నాతో గొంతు కలిపాడు. నేను ఆపి, గోడ పట్టుకుని బయటికి వచ్చాను.

కాపలాదారు చేతులు జోడించి క్షమించమన్నాడు. గాలి మధ్యలో గొలుసు సరిచూడడానికి మళ్లీ వచ్చాడట. "అందర్ మర్ద్ కీ ఆవాజ్ భీ థీ మేడమ్," అన్నాడు. లోపల మగ గొంతు కూడా వినిపించిందని, అందుకే రికార్డింగే అనుకున్నానని. తన పొరపాటును తేలిక చేసుకోవడానికి అన్నాడేమో. అతని సాక్ష్యానికి నేను పూర్తి విలువ ఇవ్వడం లేదు. ఆ సమయంలో కోటలో కరెంటు లేదు, స్పీకర్లు మోగలేదు అన్నది మాత్రం నేను విడిగా విచారించి తెలుసుకున్నాను. గాలి ఆడక, భయంతో లేని గొంతు విన్నానని తర్వాత ఒక వైద్యురాలు చెప్పింది. అది సాధ్యమే. కాని అప్పుడు కాపలాదారు విన్నదేమిటి?

తాత ఇవేవీ అడగలేదు. గుమ్మం పక్కన మెట్టు మీద కూర్చుని, ఊపిరి కూడదీసుకుంటూ నా ముఖంలోకి చూశాడు.

"తెగిందేటి గుంటా?"

నిజమే చెప్పే అమ్మాయినని ఆయనకు తెలుసు. ఏం చెబితే అదే నమ్ముతాడు. తెగిందంటే ఆయన ఆయుష్షంతా కాపాడుకున్నది అక్కడితో ముగుస్తుంది. తెగలేదంటే, నేను ఉందని ఒప్పుకోని దేనికో సాక్ష్యం ఇచ్చినట్టు.

"తెగలేదు తాతా," అని ఆయన తెలుగులోనే అన్నాను.

ఆయన తల ఊపి, లేచి లోపలికి వెళ్లాడు. సూర్యాస్తమయం దాకా సాగింది. ఆ సాయంత్రమే పెద్దరికం బాబాయికి అప్పగించాడు.

నేను అబద్ధం చెప్పానా? ఎన్నోసార్లు నన్ను నేను విచారించుకున్నాను. ఏడు వరసలు నేను ఆపాను. నామం ఆగలేదు. రెండూ నేను స్వయంగా ఎరిగినవే. ఒకటి ఒప్పుకుంటే రెండోది కొట్టివేయాలి. ఏ ఒక్కటీ కొట్టివేయలేకపోతున్నాను. తాతకు సగమే చెప్పాను. మిగిలిన సగం చెబుదామని ఇప్పటికి చాలాసార్లు ఆయన మంచం పక్కన కూర్చున్నాను. ఎవరు పాడారని అడిగితే ఏం చెప్పాలో తెలియక ప్రతిసారీ లేచి వచ్చేస్తున్నాను.