ఎవరికీ చెప్పొద్దని రాసుంది

ఎదుటివాళ్లు ఫోన్ తెరుస్తుంటే శామ్యూల్ రాజ్ గారు గోడవైపు తిరిగిపోతారు. ఆయనలో ఉన్న లోపం అదొక్కటే, మిగతా మనిషి బంగారం. కానీ ఎదుటివాళ్లు ఫోన్ తెరవని ఘడియ ఈ రోజుల్లో ఎక్కడుంది? అందుచేత బంటుమిల్లిలో చాలామందికి ఆయన వీపే బాగా తెలుసు. ముప్పై తొమ్మిదేళ్లు కాపురం చేసిన ఎలీసబెతు గారు కూడా, ఆయన మొహం చూసి ఎన్నాళ్లయిందోనని నవ్వుతుంటారు.

గోడ దొరక్కపోతే కిటికీవైపు తిరుగుతారు, కిటికీ లేకపోతే కళ్లు మూసుకుంటారు. ఒకసారి చర్చిలో పాస్టరు గారు ఫోన్‌లో బైబిలు తెరిచారు. ముందు వరసలో ఉన్న ఈయన లేచి వెనక్కి తిరిగి నిలబడ్డారు. వెనక ఏదో జరిగిందనుకుని మిగతావాళ్లూ తిరిగారు. ఆ ఆదివారం పాస్టరు గారు సగం ప్రసంగం వీపులకే చేశారు.

ఇదంతా పోస్టాఫీసు పెట్టిన బుద్ధి. ఆయన ముప్పై నాలుగేళ్లు తపాలా శాఖలో చేసి సబ్ పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు. అన్నేళ్లలో ఒక్క కార్డు ముక్క కూడా చదవలేదు. కార్డంటేనే తెరిచి ఉన్న ఉత్తరం కదా అంటే, తెరిచి ఉన్న తలుపులోంచి తొంగిచూస్తామా అనేవారు. తమ్ముడు ఆయన పేరునే రాసిన కార్డుని కూడా బోర్లించి ఇంటికి తెచ్చి, కాళ్లు కడుక్కుని కూర్చున్నాకే తిప్పారట. అటువంటి మనిషి చేతికి రిటైరయ్యాక స్మార్ట్‌ఫోన్ వచ్చింది.

ముందుగా ఆయన సెట్టింగులన్నీ మూసేశారు. ఫొటో ఎవరికీ కనపడదు, చివరిసారి ఎప్పుడు చూశారో కనపడదు, చదివారో లేదో తెలిపే నీలం టిక్కులూ ఉండవు. పంపినవీ వచ్చినవీ మెసేజీలన్నీ ఒక రోజుకల్లా వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు కూడా చేసుకున్నారు. ఎలీసబెతు గారు శుక్రవారం పంపిన సరుకుల చీటీ, ఆయన ఆదివారం కొట్టు దగ్గర నిలబడి చూసేసరికి మాయమైపోయింది. ఆ వారమంతా ఆ ఇంట్లో మిరపకాయల్లేని పప్పే.

ఫేస్‌బుక్‌లో స్నేహం కావాలంటే తెల్ల కాగితం మీద దరఖాస్తు రాసివ్వాలి. తాము ఎవరు, ఎందుకు స్నేహం కోరుతున్నారు, సాక్షి ఎవరు అన్నీ అందులో ఉండాలి. కట్టుకున్న భార్య రిక్వెస్టు పెట్టి రెండేళ్లయింది. అడిగినప్పుడల్లా ఆయన ఒకే మాట చెప్తారు.

"నీ దరఖాస్తు పరిశీలనలో ఉంది."

ఈ చాదస్తానికి అందరికన్నా ఎక్కువ నవ్వింది కృష్ణప్రియ. అందరికన్నా ఎక్కువ ఏడ్చిందీ ఆమే.

కృష్ణప్రియ తండ్రి బంటుమిల్లి హైస్కూల్లో మాస్టారుగా చేసినప్పుడు, శామ్యూల్ రాజ్ గారి మేడమీద ఆరేళ్లు అద్దెకున్నారు. ఆయన్ని ఆ పిల్ల మావయ్యగారూ అనే పిలిచేది. పెడన కలంకారీ గుడ్డతో జాకెట్లు కుట్టించి అమ్ముదామని ఇన్‌స్టాలో ఒక పేజీ మొదలుపెట్టిందీ ఆ మేడమీదే. ఆ పూట ఆమె సిమ్ పనిచేయలేదు. పేజీ తెరవాలంటే ఒక నంబరుకి కోడ్ రావాలి కాబట్టి, కింద అరుగు మీద పేపరు చదువుకుంటున్న మావయ్యగారి నంబరే ఇచ్చింది. రేపు మార్చుకుందాంలే అనుకుంది. ఆ రేపు నాలుగేళ్లయినా రాలేదు. తండ్రికి బదిలీ అయి వాళ్లు బందరు వచ్చేశారు, పేజీ పెరిగింది, నంబరు మాత్రం అలాగే ఉండిపోయింది.

దానికి తోడు ఇంకో పొరపాటు కూడా చేసింది. గుడివాడ శశిధర్‌తో నిశ్చితార్థమైన కొత్తలో, మన మధ్య దాపరికాలేమిటని అతను పాస్‌వర్డ్ అడిగితే, ప్రేమ కాబోలని చెప్పేసింది. అది ప్రేమ కాదని తెలియడానికి మూడు నెలలు పట్టింది. ఎవరితో మాట్లాడావు, ఆ కస్టమరు మొగుడు ఎందుకు లైక్ కొట్టాడు అని రోజూ విచారణే. చివరికి ఉంగరం తిప్పి పంపింది. ఉంగరం తిప్పి పంపడం గుర్తొచ్చింది గాని, పాస్‌వర్డ్ మార్చడం గుర్తు రాలేదు.

మంగళవారం పొద్దున్న లేచి చూస్తే పేజీ తెరుచుకోలేదు. అప్పుడే శశిధర్ ఫోన్ చేశాడు. ఆ పేజీలో మూడు వందల మంది ఆడవాళ్లు నమ్మి పంపిన కొలతలున్నాయి, ఇంటి అడ్రసులున్నాయి, జాకెట్టు వేసుకుని సరిపోయిందో లేదో చూడమని పంపిన ఫొటోలున్నాయి. రేపు సాయంత్రంలోగా పెళ్లికి ఒప్పుకోకపోతే అవన్నీ అందరికీ కనపడేలా పెట్టేస్తానన్నాడు. అరవకుండా చాలా మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదకే ఆమెకి ఎక్కువ భయం వేసింది.

పాస్‌వర్డ్ మర్చిపోయాను అన్న చోట నొక్కింది. నలభై ఏడుతో ముగిసే నంబరుకి ఆరంకెల కోడ్ పంపామనీ, అది పది నిమిషాలే పనిచేస్తుందనీ వచ్చింది. నలభై ఏడంటే బంటుమిల్లి. ఆమె వెంటనే ఫోన్ చేసింది.

"మావయ్యగారూ, మీకొక కోడ్ వచ్చుంటుంది. కాస్త చదివి చెప్తారా?"

"వచ్చింది గాని చెప్పకూడదమ్మా. ఎవరికీ చెప్పొద్దని రాసుంది."

"అడిగింది నేనే కదండీ. అది నా కోడే."

"ఎవరికీ అంటే ఎవరికీననే కదమ్మా. కృష్ణప్రియకి తప్ప అని రాయలేదు."

ఆమె బతిమాలింది. ఏడుపు మధ్య అసలు విషయం చెప్పనేలేదు. పది నిమిషాలూ గడిచిపోయాయి. ఇంకో కోడ్ పంపించుకుని మళ్లీ ఫోన్ చేస్తే, దాని మీద కూడా అలాగే రాసుందన్నారాయన. మూడోసారికి ఆ యాప్‌కే విసుగొచ్చినట్టుంది, చాలాసార్లు ప్రయత్నించారు, ఇరవై నాలుగు గంటలు ఆగండి అంది. గోడకి చెప్పుకున్నా ఇంతకన్నా నయమేమో అనుకుంది కృష్ణప్రియ.

పోలీసు స్టేషన్‌కి వెళ్దామంటే చేతిలో ఏముంది? అతను ఫోన్‌లో అన్నాడనే గాని ఎక్కడా అక్షరం రాయలేదు. కస్టమర్లకి ఎవరికి చెప్పాలన్నా నోరు రాదు. నమ్మి కొలతలిచ్చాం, నీ గుమ్మానికి తాళం ఇంకొకడి చేతికిచ్చావా అని అడిగితే ఏం చెప్పాలి? చిలకలపూడి టీచరమ్మ ఉంది, కోడూరులో నర్సమ్మ ఉంది, మోపిదేవి నుంచి పెళ్లికూతురి జాకెట్టుకి కొలతలిచ్చిన పిల్ల ఉంది. ఆ పిల్ల పెళ్లి ఇంకా పది రోజులే. వాళ్ల మొహాలు ఒక్కొక్కటీ కళ్ల ముందు కదులుతుంటే అన్నం సహించలేదు. దీనికన్నా ఒప్పేసుకుంటే పీడా పోతుందని కూడా ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం ఎలీసబెతు గారు ఫోన్ చేశారు. ఆవిడ గొంతులో ఎంతో సంబరం.

"ప్రియా, మీ కాబోయే ఆయన వచ్చాడమ్మా. శశిధరట కదా. ఎంత ఒద్దికైన పిల్లాడో. పొద్దున్న పదింటి నుంచీ మీ మావయ్యగారి దగ్గర కూర్చుని ఏదో కోడ్ కోసం కాగితం రాస్తున్నాడు. రెండుసార్లు టీ ఇచ్చాను."

కృష్ణప్రియ జవాబు చెప్పేలోగా, టీ పొంగుతోందంటూ ఆవిడ పెట్టేశారు. నంబరు మార్చుకోవాలంటే అతనికీ ఆ కోడే కావాలి. తనకి చెప్పని ఆరంకెలూ దరఖాస్తు రాసిచ్చినందుకు అతనికి చెప్పేస్తారు. ఆ ముసలాయనకి పద్ధతి ముఖ్యం గాని మనిషి కాదు. వెంటనే మావయ్యగారికి ఫోన్ చేసింది. స్విచాఫ్. ఎలీసబెతు గారికి తిరిగి చేస్తే, భద్రత కోసం ఆయన ఇంట్లో ఫోన్లన్నీ ఆపించేసినట్టున్నారు, అదీ మూగబోయింది. ఆ రోజు ఆమె చేసిన పనల్లా చీకటి పడేదాకా మంచం మీద కూర్చోవడమే. ఆశ అన్నది చుక్క కూడా మిగల్లేదు.

బుధవారం పన్నెండు కావస్తుంటే తలుపు చప్పుడైంది. తీసి చూస్తే గుమ్మంలో శామ్యూల్ రాజ్ గారు. మోకాలి నొప్పి మనిషి, పెడన మీదుగా రెండు బస్సులు మారి వచ్చారు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. గుండెకి ఒక పొట్లం అదుముకుని ఉన్నారు. తెల్లగుడ్డలో పెట్టి చుట్టూ దారంతో కుట్టి, నాలుగు మూలలా ఎర్రని లక్క ముద్రలు వేసిన పార్సిలు.

"ఏంటి మావయ్యగారూ ఇది?"

"నా ఫోను."

ఆమె నోరు తెరిచేలోగా పొట్లం మోగింది. గుడ్డలోంచి స్తుతి గీతం సన్నగా వినపడుతోంది. క్షేమంగా చేరారో లేదోనని ఎలీసబెతు గారు దారి పొడుగునా చేస్తూనే ఉన్నారట. ఎత్తడానికి లేదు, సీలుంది. బస్సులో జనమంతా తన ఒళ్లో పార్సిలు పాట పాడుతుంటే అదోలా చూశారని ఆయన చెప్పుకొచ్చారు.

నిన్నటి కోపమంతా కృష్ణప్రియకి ఒక్కసారిగా పొంగింది.

"అతనికి కోడ్ చెప్పేశారా?"

"ముందు సంతకం పెట్టమ్మా," అని జేబులోంచి చీటీ తీశారు. అందుకున్నవారి సంతకం అని చుక్కల గీత గీసి ఉంది. ఏడుస్తూనే పెట్టింది. అప్పుడు కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగి నెమ్మదిగా చెప్పారు.

సోమవారమే ఒక ఆడపిల్ల ఫోన్ చేసిందట. అంకుల్, నేను కృష్ణప్రియని, కోడ్ చెప్పండి అందట. ఆరేళ్లు మేడమీదున్న పిల్ల తనని ఏనాడూ అంకుల్ అనలేదు. అక్కడే ఏదో తేడా ఉందని ఆయన పసిగట్టారు. శశిధరే ఎవరిచేతనో అడిగించాడని కృష్ణప్రియకి అర్థమైంది.

"మరి నిన్న అడిగింది నేనే కదండీ. నా గొంతు కూడా గుర్తుపట్టలేదా?"

"పట్టానమ్మా. ఏడుస్తూ అడిగావు. పక్కన ఎవడైనా కూర్చుని అడిగిస్తున్నాడేమో ఫోన్‌లో నాకెలా కనపడుతుంది? మా రోజుల్లో ఏడుస్తూ ఉత్తరం అడిగినవాళ్లకి గుమ్మం దాకా వెళ్లి చేతికిచ్చేవాళ్లం. ఇవాళ పొద్దున్నే వద్దామనుకున్నాను గాని లక్క దొరకడానికి ఆలస్యమైంది."

ఆయన సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టారు. అది శశిధర్ దరఖాస్తు. మొదటి ప్రతిలో మార్జిన్ వదల్లేదని చింపేయించారు. రెండోదాంట్లో విషయం అన్న మాట కింద గీత లేదన్నారు. మూడో ప్రతికి శశిధర్ ఓపిక అడుగంటింది, ఏం రాయమంటే అది రాసే స్థితికొచ్చాడు. ఖాతా ఎవరిది? కుమారి కృష్ణప్రియది. పాస్‌వర్డ్ మార్చింది ఎవరు? నేనే. ఏ తేదీన? సోమవారం నాడు. ఖాతాదారుకి తెలియజేశారా? లేదు. అన్నీ సొంత దస్తూరీతో. కింద సంతకం, ఫోన్ నంబరు, గుడివాడ అడ్రసు. సాక్షులు ఎలీసబెతు, పక్కింటి శ్యాంబాబు.

"ఇంత రాసిచ్చాక మరి అతనికేం చెప్పారు?"

"మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది, కబురు చేస్తామన్నాను. వెళ్లిపోయాడు. ఆ కాగితం స్టేషన్‌లో ఇద్దువుగాని, నేనూ వస్తాను. మీ అత్తయ్య మాత్రం నన్ను తిట్టింది, అంత మంచి పిల్లాణ్ణి అన్నిసార్లు రాయిస్తారా అని."

నిన్నటి నుంచి మొదటిసారి కృష్ణప్రియకి నవ్వొచ్చింది. కత్తెర తెచ్చి కుట్లు విప్పింది. ఇరవై నాలుగు గంటల గడువు అప్పటికే తీరింది. మళ్లీ కోడ్ పంపించుకుంది. ఆయన ఫోన్ కిణ్ మంది. శామ్యూల్ రాజ్ గారు లేచి, కుర్చీ పక్కకి జరిపి, గోడవైపు తిరిగి నిలబడ్డారు. గోడకి వేలాడుతున్న కేలండరులో ఏదో దేవుడి బొమ్మ ఉంది. అదీ చూడకూడదనుకున్నారో ఏమో, దాన్నీ గోడవైపు తిప్పేశారు.

పేజీ తెరుచుకుంది. పాస్‌వర్డ్ మార్చింది. అన్ని ఫోన్లలోంచీ బయటికి పంపాలా అని అడిగితే, పంపు అని నొక్కింది. తర్వాత చేతిలో ఉన్న ఆర్డర్ల కొలతలు పుస్తకంలోకి ఎక్కించుకుని, ఒక్కొక్కరి మెసేజీలూ ఫొటోలూ చెరిపేస్తూ పోయింది. అది రెండు గంటల పని. మోపిదేవి పెళ్లికూతురి ఫొటో చెరిపేటప్పుడు గుండెల మీదినుంచి బండ దింపినట్టయింది. మధ్యలో మావయ్యగారూ కూర్చోండి అంటే, నువ్వు కానీయమ్మా అన్నారు. మోకాలి నొప్పితో ఆయన ఆ రెండు గంటలూ గోడకేసి నిలబడే ఉన్నారు.

ఆఖరికి యాప్, మీ భద్రత కోసం ఏ నంబరు ఉంచమంటారు అని అడిగింది. తన నంబరు కొట్టబోయి ఆగింది. ఒక క్షణం ఆ తడిచొక్కా వీపుకేసి చూసింది. తన నంబరు మొదటిది పెట్టి, రెండోదిగా నలభై ఏడుతో ముగిసేదే మళ్లీ ఉంచింది. నిర్ధారణ కోసం ఆయన ఫోన్‌కి ఇంకో కోడ్ వచ్చింది. అప్పటికే ఫోన్ ఆయన చేతికి ఇచ్చేసింది.

"మావయ్యగారూ, ఆ కోడ్ కాస్త చెప్తారా?"

ఆయన ఫోన్ గుండెకి బోర్లించుకుని మళ్లీ గోడవైపు తిరిగారు.

"చెప్పకూడదమ్మా. ఎవరికీ చెప్పొద్దని రాసుంది."

కృష్ణప్రియ పడీపడీ నవ్వి, సంతకం పెట్టడానికి పెన్ను తెచ్చుకుంది.