రూబీ ప్రోగ్రాం అంటేనే నీరసించే మిషన్

మా ఆత్మకూరు ఆఫీసులో రూబీకి ఉన్నంత ఓపిక ఇంకెవరికీ లేదు. ఆ ఓపికే ఆమె కొంప ముంచబోయింది. చేజర్ల నుంచి రోజూ బస్సులో వచ్చి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేది. ఆఫీసులో ఒకే ఒక్క పర్మనెంట్ ఉద్యోగం ఖాళీ ఉంది. పోటీలో ఇద్దరు: రూబీ, ఆమె పిన్నమ్మ కొడుకు జోయల్. టెస్టింగ్ మిషన్ అని మేం పిలిచే కంప్యూటర్ మీద ఎవరి ప్రోగ్రాం వేగంగా నడిస్తే ఉద్యోగం వాళ్లది. జోయల్‌కు పని నేర్పిందీ, మా ఆఫీసులో చేర్పించిందీ రూబీయే.

రూబీ ప్రోగ్రాం ఒకసారి రివ్వున నడిచేది, ఇంకోసారి ఈడ్చుకుంటూ నడిచేది. కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా అంతే. మేనేజర్ ఆదినారాయణ ముఖం చిట్లించేవాడు.

"ఎండలకు మిషన్ కాగిపోతా ఉండాదిలే అక్కా, దిగులుపడబాక" అని జోయల్ ఓదార్చేవాడు.

మేమంతా నమ్మేశాం. మే నెలలో మా ఊళ్లో ఏది చెడినా నెపం ఎండ మీదే కదా! రూబీ పాపం ఇంట్లోని టేబుల్ ఫ్యాను తెచ్చి మిషన్ ముందు పెట్టింది. బస్టాండు నుంచి దాన్ని మోసుకొచ్చింది ఆ జోయలే.

ఫ్యాను తిరిగినా తేడా పోలేదు. చివరికి రూబీ, మిషన్‌లోని ప్రాసెసర్ ఏ ఫ్రీక్వెన్సీతో, అంటే ఎంత వేగంతో నడుస్తోందో, ఎంత వేడెక్కిందో క్షణక్షణం నమోదుచేసే చిన్న స్క్రిప్టు రాసింది. ప్రోగ్రాం నెమ్మదించిన ప్రతిసారీ ఫ్రీక్వెన్సీ సగానికి పడిపోయి ఉంది. మిషన్ మాత్రం చల్లగానే ఉంది. అంటే ఎండ తప్పేమీ లేదు. ఎవరో ఆమె టెస్టుకు ముందు ప్రాసెసర్ వేగానికి పరిమితి పెట్టి, తర్వాత తీసేస్తున్నారు. ఏ లాగిన్ నుంచో వెతికితే జోయల్ పేరొచ్చింది.

నాకైతే వాడి చెంప పగలగొట్టాలనిపించింది. రూబీ వాణ్ణి పిలిచి స్క్రీన్ మీద వాడి పేరు చూపించింది. "ఎందుకురా?" అని మాత్రం అడిగింది.

"నీకేమక్కా, బావ టీచరు. ఇది రాకపోతే నా గతేంది? నువ్వయితే ఏమీ అనుకోవులే అని చేసినాను."

ఆ చివరి మాటకు ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. నేరుగా వెళ్లి ఆదినారాయణను పిలుచుకొచ్చింది. ఆయనకు స్క్రిప్టు నమోదుచేసిన లాగ్ చూపించి, పరిమితి తీసేసి, రెండు ప్రోగ్రాములూ ఆయన ముందే నడిపింది. ఆమెదే ముందు ముగిసింది.

"ఉద్యోగం నీదేనమ్మా" అన్నాడాయన. రూబీ ముఖంలో సంతోషమన్నది లేదు.

జోయల్ దగ్గరికొచ్చి "అక్కా..." అన్నాడు.

"అట్ట పిలవబాకరా. ఆ పిలుపును నమ్మే నేను ఎండను తిట్టుకున్నా."