పాత హద్దులు ముందు పెట్టమన్న మా సార్

మా సార్ పోయిన సంగతి వర్ధన్నపేట అన్న ఫోన్ చేసి చెప్పాడు. వర్ధన్నపేట వైపు ఊళ్లు తిరిగే మా సేల్స్‌మన్‌ని అందరం అట్లాగే పిలుస్తాం. "చెల్లె, సార్ ఇగ లేడు. తెల్లారంగ నిద్రలనే పోయిండట," అన్నాడు. ఇద్దరం ఆయన కింద ఏళ్లకేళ్లు పనిచేసినవాళ్లం. అన్నే మళ్లీ, "మంచిగనే పోయిండు, ఎవ్వలకు కష్టం పెట్టలే," అని ఫోన్ పెట్టేశాడు.

రైతులకు స్ప్రేయర్లు, టార్పాలిన్లు అమ్మే చిన్న కంపెనీ మాది. వరంగల్ ఆఫీసుకు ఆయన ఏరియా మేనేజర్. నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఆర్డర్లు చూసుకునేదాన్ని, ఇప్పటికీ అదే పని. రిటైరయ్యాక సార్ కాజీపేటలో ఇంటిపట్టున ఉన్నారు. ఆదివారం చర్చి, మిగతా రోజులు మనవరాలిని బడిలో దింపి రావడం. "ఇగో, ఇప్పుడు బ్యాగు మోసే ప్రమోషన్ వచ్చింది," అని ఫోన్‌లో నవ్వేవారు.

ఎండలో తిరిగి వచ్చిన సేల్స్‌మన్‌ని ఆయన ముందుగా ఆర్డర్ల సంగతి అడగ్గా నేను చూడలేదు. "నీళ్లు తాగినవా? కూసో," అనేవారు. ఆఫీసు కారు ఉన్నా ఊళ్లకు సేల్స్‌మన్ బండి వెనక ఎక్కే పోయేవారు. "కార్ల పోతే దుకాణపోడు లేచి నిలబడుతడు. బండి మీద పోతే కూసొమ్మంటడు," అనేవారు. మీటింగుకు జామకాయలు తెచ్చి, ఉప్పూ కారం అద్ది తలా ఒక ముక్క చేతిలో పెట్టాకే మాట మొదలయ్యేది. ఆలోచనలో పడితే చర్చి పాటేదో సన్నగా కూనిరాగం తీసేవారు. ఆ రాగం ఆగిందంటే ఏదో నచ్చలేదని మాకు తెలిసిపోయేది.

అది ఆగిన రోజొకటి చెప్పాలి.

ఏ సేల్స్‌మన్ ఏ ఊళ్లు చూడాలో మ్యాపు మీద పంచిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి హెడ్డాఫీసు వాళ్లు కొన్నారు. అది నేర్పడానికి హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మర్యాదస్తురాలు, ఓపిక గల పిల్ల. గోడ మీద మా జిల్లాల మ్యాపు చూపించి ఒక్క బటన్ నొక్కింది. అందరికీ సమానంగా దుకాణాలు, సమానంగా దూరం వచ్చేలా మ్యాపంతా రంగురంగుల ముక్కలైంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. సార్ కూడా కళ్లద్దాలు సర్దుకుని దగ్గరికి పోయి చూశారు. ఆయనకు కొత్త వస్తువంటే సరదా.

నా పక్కన కూర్చున్న వర్ధన్నపేట అన్న మాత్రం మొహం చిన్నబుచ్చుకున్నాడు. "చెల్లె, నా ఊళ్లల్ల సగం వేరేటోళ్ల రంగుల పోయినయి. ఇన్నేండ్లు తిరిగిన తిరుగుడు ఏమైనట్టు?" అన్నాడు మెల్లగా. మెల్లగానే అన్నాడు గానీ సార్‌కు వినబడింది. కూనిరాగం ఆగింది.

"బిడ్డా," అని ఆ అమ్మాయిని పిలిచారు. "ఇది అంత కొత్తగనే గీస్తదా? మేం ఇప్పటిదాంక పని చేసుకుంట వస్తున్న హద్దులు దీంట్లకు రావా?"

"వస్తాయి సార్. ఏ ఊరు ఎవరు చూస్తున్నారో ఒక షీట్‌లో ఇస్తే మీ పాత టెరిటరీలు ఉన్నవున్నట్టు గీస్తుంది. దానికి కాపీ తీసుకుని, కావలసిన చోట మార్చుకోవచ్చు. ఎవరూ అడగరు గానీ నాకూ అదే నయమనిపిస్తుంది."

"మనం అడుగుతున్నం గద. ముందుగాల ఉన్నది పెట్టు. లేనిది తర్వాత చూద్దాం."

ఈ మాట ఆయన తర్వాత కూడా ఎన్నోసార్లు అన్నారు. హెడ్డాఫీసు పెద్దాయన ఫోన్ చేసి, కొత్త ప్లానే పెట్టాలని పట్టుబట్టినప్పుడూ అదే చెప్పారు. "మనిషి మారితే దుకాణపోడు మళ్ల మొదటిసంది నమ్మాలె సార్. అవసరమున్న కాడ తప్పకుంట మారుస్త. లేని కాడ ఎందుకు చెప్పున్రి?" ఆయన గొంతు పెంచలేదు. అవతలాయన ఒక సీజను చూద్దామన్నాడు.

నేనూ ఆ అమ్మాయీ కూర్చుని ఊళ్ల పేర్లు ఎక్కించాం. ఒకే ఊరిని మేం ఒక్కోచోట ఒక్కోలా రాసి పెట్టుకున్నాం, అవన్నీ సరిచేసే సరికి తల ప్రాణం తోకకొచ్చింది. నా టిఫిన్ డబ్బాలోని పప్పన్నం ఇద్దరం పంచుకున్నాం. చివరికి పాత హద్దులు మ్యాపు మీదికొచ్చాయి. అందరం గోడ ముందు గుమిగూడాం.

అందులో ఒకటి చిత్రంగా ఉంది. వర్ధన్నపేట అన్న రంగు ఖమ్మం రోడ్డు వెంబడి ఉండాల్సింది పోయి, నాలుక చాపినట్టు వరంగల్‌లోని ఎనుమాముల మిర్చి మార్కెట్ దాకా వచ్చింది. చుట్టూ అంతా వరంగల్ సిటీ దుకాణాలు చూసే ఇంకో చెల్లె రంగే. ఆ చెల్లె కొత్తగా చేరింది, మా దగ్గర మొదటి ఆడ సేల్స్ మనిషి. తన దారిలోనే ఉన్న మార్కెట్ దుకాణాలు దాటుకుని పోవడం ఆమెకు కష్టంగానే ఉండేది గానీ నోరు తెరిచి అడగలేదు.

"ఇది నేను గీసిందే," అన్నారు సార్. ఒకప్పుడు అన్న భార్య జబ్బుపడితే వరంగల్ దవాఖానలో చాలా కాలం చూపించాల్సి వచ్చింది. అన్న సెలవు అడగడానికి మొహమాటపడుతున్నాడని, పని మీద వచ్చినట్టే ఊళ్లోకి రావడానికి ఆ మార్కెట్ దుకాణాలు ఆయనకు అప్పజెప్పారు. వదిన బాగై ఇంటికి పోయింది. గీత మాత్రం అట్లాగే ఉండిపోయింది.

సార్ అన్న వైపు తిరిగారు. "ఏమంటవ్? ఉంచుమంటే ఉంచుదాం."

అన్న తల గోక్కున్నాడు. "సార్, ఆమె మంచిగై ఎన్నడో అయింది. గంత దూరం వచ్చిపోవుడు నాకు భారమే. మీరు ప్రేమతోని ఇచ్చిన్రు, వద్దంటే ఏమనుకుంటరో అని తిరుగుతాన."

సార్ పకపకా నవ్వారు. "నేను తీసుకుంటే నువ్వేమనుకుంటవో అని నేను గమ్మునున్న. ఇద్దరం కలిసి ఈ పిల్లను తిప్పలు పెట్టినం."

మౌసు తనే పట్టుకుని, ఆ అమ్మాయి చూపించినట్టు, ఎనుమాముల దుకాణాలను సిటీ చెల్లె రంగులోకి మార్చారు. మిగతా హద్దులన్నీ పాతవే ఉన్నాయి. అన్న ఊళ్లు అన్నకే ఉన్నాయి. సీజను బాగా గడిచింది, కొత్త ప్లాను మాట హెడ్డాఫీసు మళ్లీ ఎత్తలేదు. చెల్లె ఇప్పుడు మార్కెట్లో అందరికీ ఎరికైన మనిషి. అన్న సాయంత్రాలు పెందలాడే ఇంటికి చేరేవాడు.

సార్‌ను సాగనంపడానికి సమాధుల తోటకు మేమందరం పోయాం. మిర్చి సీజను కదా, ఎనుమాముల దుకాణాల వాళ్లు షట్టర్లు దించి, బట్టలైనా మార్చుకోకుండా ఉన్నవాళ్లు ఉన్నట్టే వచ్చారు. హమాలీలు కూడా కొందరు వచ్చారు. వాళ్ల చొక్కాల నిండా మిరప ఘాటు. పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టగానే ముందు వరుసలో ఒకరు తుమ్మారు. తర్వాత ఇంకొకరు. అది ఒకరి నుంచి ఒకరికి పాకి పాస్టర్ గారిదాకా పోయింది. ఆయన రుమాలు తీసుకుని ఆగిపోయారు. సార్ భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ఆయనుంటే మస్తు నవ్వెటోడు," అంది. ముందు ఆమె నవ్వింది, ఆ తర్వాత మేమూ నవ్వాం. అందరి కళ్లూ ఎర్రగా నీళ్లు కారుతున్నాయి. ఆ ఎండలో, ఆ మిరప ఘాటులో, పాస్టర్ గారు మళ్లీ గొంతు సవరించుకునేదాకా అట్లాగే నిలబడ్డాం.