అప్పారావు చీటీతో బిలాస్‌పూర్‌కి

నా భార్య సుభద్ర పోయిన ఆరు నెలలకు ఆమె పుస్తకంలో ఒక చీటీ దొరికింది. పైన ‘అప్పారావుకి’ అని ఉంది. కింద మూడు వాక్యాలు: ‘నేను నొక్కింది నీలోనే. నీ హద్దు దాటి పోయినా నా కదలిక నీకే తెలియాలి. నేను వదిలేదాకా నన్ను వదలకు.’ జబ్బుచేసి ఇంటికి రాకముందు ఆమె రెండేళ్ళు బిలాస్‌పూర్‌లో ఒక కంప్యూటర్ ఆఫీసులో పనిచేసింది. అప్పారావు అక్కడి సహోద్యోగి. నాకు ఆమె ఎప్పుడూ అలా రాయలేదు. టికెట్ తీసుకున్నాను.

తొంభైల నడుమ, డిసెంబరు. విశాఖలో రాత్రి ఎనిమిదికి ఎక్కితే రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ మీదుగా మర్నాడు పదకొండుకి బిలాస్‌పూర్. చలికి దుప్పటి తప్పనిసరి. స్టేషన్ బయట రిక్షా అతను ఎనిమిది రూపాయలు అడిగి ఆరుకి వచ్చాడు. రైల్వే క్వార్టర్లు దాటాక ఆఫీసు. ఆదివారమైనా అప్పారావు డ్యూటీలో ఉన్నాడు. నాకంటే పదేళ్ళు చిన్న. అదీ నచ్చలేదు. సుభద్ర భర్తనని చెప్పాను.

“రండి బావగారూ! టీ తాగుతారేటి?”

సుభద్రను అక్కా అనేవాడట. టీ వద్దని చీటీ చేతిలో పెట్టాను. చదువుతుంటే అతని ముఖం వెలిగింది. చెంప పగలగొట్టాలనిపించింది.

“అచ్ఛా, ఇదా! దీనికోసమే అక్క ఎళ్ళిన కాడినుంచి పనాగిపోనాది బావగారూ.”

“ఏమిటిది?”

“అక్క మౌసు, నేను విండో. ప్రోగ్రాం రాసినప్పుడు అలాగే మాటాడుకునేవోళ్ళం. ‘ఏరా విండో, నొక్కాను, తెలిసిందా?’ అనీది.”

తెరమీద చట్రంలా ఉన్న విండోని చూపించాడు. రైల్వే యార్డులో పట్టాల పటం గీసే ప్రోగ్రాం. రెండు రకాల కంప్యూటర్లలోనూ ఒకేలా నడవాలి. మౌసు బటన్ నొక్కిపట్టి గీత లాగుతూ విండో బయటికి పోయి వదిలితే, మొదటి యంత్రంలో గీత ఆగింది. రెండోదాంట్లో, వదిలిన సంగతి విండోకి చేరలేదు. మౌసు వెనక్కి రాగానే, బటన్ మీద వేలు లేకపోయినా గీత దాని వెంటపడింది.

“నొక్కగానే విండో మౌసుని పట్టేసుకోవాల. బయటికెళ్ళినా విడవకూడదు. వేలు తీసిందని తెలిసాకే విడవాల. అదీ అక్క మాట.”

ప్రోగ్రాంలో నాలుగు వరుసలు మార్చాడు. రెండోదాంట్లోనూ గీత ఆగింది.

“చీటీ ఉంచుకోనా?”

“వద్దు.”

“ఏటి బావగారూ, నాకు రాసిందే కదా!”

నిజమే. కాగితం అడిగి, నా చేతిరాతతో నకలు రాసిచ్చాను. అసలుది జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం బండిలో కూర్చున్నాక లెక్క తేలింది. అనుమానం పోయింది, అసూయ పోలేదు. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె నన్ను అలాంటి ఆటకు పిలవలేదు. ఈరోజు ఏం రాశావని నేనూ ఒక్కసారి అడగలేదు.

ఇలాంటి పనిమీద వెళ్ళేవారికి ఒక్క మాట: ఆదివారం వెళ్ళకండి. జిరాక్స్ షాపులు మూసి ఉంటాయి.