కిషన్ రావు గారి కాటా

చిక్కడపల్లి కిషన్ రావు గారికి ఒకటే పిచ్చి: బ్యాగు తూచందే ఎవరినీ గుట్ట ఎక్కనివ్వరు. కరెంటు ఆఫీసులో రిటైరైన మనిషి. నెలకో ఆదివారం తెలిసినవాళ్లను అనంతగిరి నడకకు తీసుకెళ్తారు. పొద్దున ఐదున్నరకల్లా నారాయణగూడ ఫ్లైఓవర్ కింద, వ్యాను ముందు, పాతపేపర్లు కొనేవాళ్ల కొక్కెం కాటా పట్టుకుని నిలబడతారు. మనిషికి నాలుగు కిలోలు. ఎక్కువైతే మోకాళ్లు పోతాయి, తక్కువైతే నీళ్లు తెచ్చుకోలేదని లెక్క.

కాటా చదివే హక్కు ఆయనొక్కరిదే. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, డయలును ముక్కుకు ఆనించుకుని మరీ చదువుతారు. ఓసారి వ్యాను డ్రైవర్ని కూడా తగిలించబోయారంటారు. ఆ మాట కిషన్ రావు గారు కాదనలేదు.

రచనకు అదే మొదటి నడక. అశోక్ నగర్ హాస్టల్లో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది. పరీక్షను మూడుసార్లు వాయిదా వేసినవాళ్లకు, ఆదివారం మెస్ మూసేస్తే ఈ పిల్లలేం తింటారన్న పట్టింపు ఉండదు. ఆమె బ్యాగులో ఉన్నది ఒక నీళ్ల సీసా, ఒక బిస్కెట్ ప్యాకెట్. అందరి ముందూ విప్పి చూపించాలేమోనని వరుసలో చివరికి జరిగింది.

ముందు వేదవతి గారి వంతు. కాకినాడ నుంచి విద్యానగర్ వచ్చి నలభై ఏళ్లయినా ఆవిడ ఇంకా పెళ్లికి వెళ్తున్నట్టే సర్దుతారు.

"ఆరుంపావు. గుట్ట ఎక్కుతున్నరా, కాపురం పెడుతున్నరా?"

"పులిహోరేనండీ. ఇంట్లో తూచుకునే వచ్చాను, నాలుగున్నర."

"మీ ఇంటి కాటా మీ మాట ఇంటది. ఇది ఇనది."

తర్వాత నరేంద్ర. "విజిలేది? టార్చేది? ఎన్నింటికి తిరిగొస్తవో ఇంట్ల చెప్పినవా?"

"చెప్పానండీ. మీ పేరు చెప్తే, రాత్రయినా భయం లేదన్నారు."

రచన వంతు వచ్చింది. ఆయన విప్పమనలేదు. కొక్కేనికి తగిలించి నిట్టూర్చారు.

"ఒకటిన్నర. గిట్లయితే గాలికి కొట్టుకపోతవ్ బిడ్డా."

వేదవతి గారి పులిహోర డబ్బా, నరేంద్ర నీళ్ల సీసా, కిషన్ రావు గారి ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక టోపీ రచన బ్యాగులో పడ్డాయి.

"అందరి బరువు సమానంగుండాలె. ఎవరు మోస్తే తిండి వాళ్లదే. రూలు."

"ఈ రూలు ఎప్పుడొచ్చిందండీ?" అన్నారు వేదవతి గారు.

"ఎనిమిదేండ్లయింది."

గుట్ట మీద రచన మొహమాటం లేకుండా రెండోసారి వడ్డించుకుంది. మోసింది తనే కదా. వేదవతి గారే తన పులిహోర ఆమెనడిగి తిన్నారు.

దిగేముందు ఆయన కాటా రచన చేతికిచ్చి, లేసు కట్టుకోవడానికి వంగారు. ఆమె డయలు చూసింది. అంకెలున్నాయి. ముల్లు లేదు.

"అంకుల్, దీంట్ల ముల్లు లేదు."

"ఎనిమిదేండ్ల కిందనే ఊడిపోయింది. జర మెల్లగ. వేదవతమ్మ ఇంటరు."

అన్నం పెడుతూ ఫోటో దిగేవాళ్లను రచన చాలామందినే చూసింది. అన్నం పెట్టి కాటా మీదికి నెట్టే మనిషిని చూడటం ఇదే మొదలు.

మరుసటి నెల ఆమె కాటా లాక్కుని, మొదట ఆయన బ్యాగే తగిలించింది. డయలును ముక్కుకు ఆనించుకుని చాలాసేపు చూసింది.

"ఆరున్నర అంకుల్. మోకాళ్లు పోతయ్."

మందుల డబ్బా, తాడు తీసి తన బ్యాగులో వేసుకుంది. ఆయన ఏదో అనబోయి, వేదవతి గారి వైపు చూసి ఆగిపోయారు.

"కాటా చెప్పినంక ఏం జేస్తం," అన్నారు.