ముత్తక్క అడిగిన పాట

దయ్యాలూ ఆత్మలూ ఉన్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. హాస్టల్లో తోటి అమ్మాయిలు అలాంటి కథలు మొదలుపెడితే లేచి లైబ్రరీకి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు మాత్రం నమ్ముతున్నానా అంటే చెప్పలేను. ఆ రోజుల డైరీ నా దగ్గరుంది. అది చూసుకుంటూ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాన్న సారపాకలో కాగితం మిల్లు గుమస్తా. డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో ఖాళీగా ఉన్న ఏడాది అది. నలుగురిలో నోరు విప్పలేని నాకు పుస్తకాలూ, వంటింటి అల్మారాలో ఉండే ట్రాన్సిస్టరూ తోడు.

ఆదివారం మధ్యాహ్నం శ్రోతలు కోరిన సంగీతం వచ్చేది. సినిమా పాటలు కావు. ఒక వారం నవాబుల కాలం నాటి గజల్, ఒక వారం రెండు వందల ఏళ్ళ కిందటి పియానో, ఇంకోసారి అరబ్బు దేశపు పాట, మరోసారి మన పల్లెపాట. కార్డు రాస్తే పేరూ ఊరూ చదివి వేసేవారు. నాకు పియానో అంటే ప్రాణం. కానీ ఆడపిల్ల పేరు రేడియోలో వస్తే కాలనీలో ఏమనుకుంటారోనని ఒక్క కార్డూ రాయలేదు.

ముత్తక్క మా ఇంటి వెనక గుడిసెల్లో ఉండేది. ఆమె భర్త రాములు మిల్లుకొచ్చే వెదురు లారీలు దించేవాడు. మా కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుని, కాసేపు వంటింటి గడప మీద కూర్చుని ముత్తక్క రేడియో వినేది. ఒక ఆదివారం కోయ ఆడవాళ్ళు పాడిన రేల పాట వచ్చింది. నిండు బిందె కింద దించి, పాట అయ్యేదాకా ఆమె కదల్లేదు.

"మా అమ్మ తునికాకు కోసేటప్పుడు గిదే పాడేది సెల్లె. మా పాట గూడ గీ డబ్బాల వస్తదా?" అంది. వాళ్ళమ్మ పోయి చాలా ఏళ్ళయిందట. "మళ్ల ఎయ్యమని రాయవా? నా పేరు చెప్పి ఎయ్యాలె. మా ఆయన ఇనాలె."

రాస్తానన్నాను. రాశాను కూడా. కార్డు మీద ఆమె పేరు, ఊరు వేశాను. పాట దగ్గర నాకిష్టమైన పియానో రాశాను. ఆమెకు చదువు రాదు. అంతకు మించి కారణమేమీ లేదు.

మూడో ఆదివారం "సారపాక నుంచి ముత్తమ్మ" అని చదివారు. ముత్తక్క చప్పట్లు కొట్టి, రాములును కేకేసి పిలిచింది. పియానో మొదలైంది. ఇద్దరూ చివరిదాకా ఓపిగ్గా విన్నారు.

"ఏందే ఇది, రేకు డబ్బాల గోలీలేసి ఊపినట్టున్నది," అని రాములు నవ్వాడు.

"నీ కూత కన్నా నయమే తియ్," అని అతన్ని కసిరి, ముత్తక్క నావైపు తిరిగింది. "పేరైతే నాదే గని, పాట నాది కాదు గద సెల్లె?"

"వాళ్ళే పొరపాటు పడ్డారక్కా," అన్నాను.

నమ్మింది. "అయితే ఇంకోపాలి రాయి. గీసారి నీ పేరు గూడ ఎయ్యి. అందరం అడిగితే ఎట్ల ఎయ్యరో సూద్దాం."

ఆమె ముందే రెండో కార్డు రాశాను. రేల పాట. కోరినవారు ముత్తమ్మ, రాములు, వసుంధర. రేడియోకు నా పేరు రాయడం అదే మొదటిసారి. ఆమె వెళ్ళాక భయమేసింది. రేపు వేద్దాంలే అని డైరీలో పెట్టాను. ఆ రేపు రాలేదు.

ముత్తక్క ప్రతి ఆదివారం వచ్చి గడప మీద కూర్చునేది. "గియ్యాల గూడ రాలే," అని బిందె ఎత్తుకునేది. "వస్తుందక్కా," అనేదాన్ని. డైరీలో చూస్తే అలాంటి ఆదివారాలు ఆరున్నాయి.

వానలు మొదలయ్యాక ఆమెకు చలిజ్వరం వచ్చింది. భద్రాచలం దవాఖానాలో చేర్చారు. అమ్మ గిన్నెలో జావ పోసి రాములుకిచ్చి పంపింది. నన్నూ ఒకసారి వెళ్ళి చూసి రమ్మంది. పాట సంగతి అడుగుతుందని నేను వెళ్ళలేదు. నాలుగో రోజు ముత్తక్క పోయింది.

ఆ తర్వాత రెండో ఆదివారం రాములు మా గిన్నె తిరిగివ్వడానికి వచ్చాడు. అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. రేడియో మోగుతోంది. గిన్నె అందుకుంటున్నాను.

"సారపాక నుంచి ముత్తమ్మ, రాములు, వసుంధర."

నేను రాసిన వరుసలోనే చదివారు. తర్వాత రేల పాట వచ్చింది.

"నీ పేరు చదివిండేందే?" అంది అమ్మ. నేనొక్కదాన్నే విన్నానని ఎవరూ అనుకోకుండా ఈ మాట రాస్తున్నాను. రాములు గడప దగ్గరే నిలబడి పాటంతా విన్నాడు. గడప మీద కూర్చోలేదు.

అయిపోయాక, "మాట నిలబెట్టుకున్నవ్ సెల్లె," అన్నాడు. "జర ఆలస్యమైంది, నువ్వేం జేస్తవ్. ఆఖరి దినం గూడ గదే అన్నది. సెల్లె రాసింది, వస్తది అని."

తల ఊపాను. అతను వెళ్ళాక డైరీ తెరిచాను. కార్డు పెట్టినచోటే ఉంది. దాని మీద ఏ పోస్టాఫీసు ముద్రా లేదు.

ముత్తక్కకూ రాములుకూ చదువు రాదు. నా పేరు వేసి రాసే ధైర్యం ఇంకెవరికీ లేదు. నేనే మరో కార్డు రాసి మరిచిపోయానేమోనని డైరీ అంతా వెతికాను. వాన పడితే వాన పడిందని రాసుకునేదాన్ని, ఇది రాయకుండా ఉంటానా? మీకు ఆ కార్డు ఎలా అందిందని రేడియో వాళ్ళనే అడుగుతూ ఒక ఉత్తరం రాశాను. అదీ డైరీలోనే ఉంది.

రాములు మరుసటి ఎండాకాలం గోదావరి అవతల తన ఊరికి వెళ్ళిపోయాడు. పోయేముందు మరోసారి వచ్చి, పాట వేయించినందుకు అమ్మ ముందు నన్ను మెచ్చుకున్నాడు. అప్పుడూ నేను నిజం చెప్పలేదు.

ఆ పాట ఎవరు అడిగారో నాకు ఈనాటికీ తెలియదు. నేను మాత్రం అడగలేదు.